స్కోర్‌కార్డుకి లామినేషన్

ఆ రోజుల్లో నాకు తెలిసిన భద్రత ఒక్కటే, లామినేషన్. నవ్వకండి. మీ ఇంట్లో బీరువా పై అరలో ఉన్న ఫైలు తీసి చూడండి, పదో తరగతి మార్కుల మెమో ప్లాస్టిక్‌లో తళతళలాడుతూ ఉంటుందో లేదో. మా నాన్నకైతే అదొక వ్యసనం. నా మెమోలు, బోనఫైడ్‌లు, రేషన్ కార్డు, ఆఖరికి అమ్మ రాసుకున్న ఆవకాయ కొలతల కాగితం కూడా (దానిమీద అప్పటికే పడిన నూనె మరకతో సహా) జిరాక్స్ షాపుకి తీసుకెళ్ళి లామినేషన్ చేయించారు. నేను ఉద్యోగానికని మిషిగన్ విమానం ఎక్కేటప్పుడు, "బట్టలు పోతే కొనుక్కోవచ్చమ్మా, ఈ ఫైలు మాత్రం ఒళ్ళో పెట్టుకుని కూర్చో" అన్నారు. దారి పొడుగునా ఒళ్ళోనే పెట్టుకున్నాను. బాత్రూమ్‌కి కూడా పట్టుకెళ్ళాను. ఇలాంటి పెంపకంలో పెరిగిన పిల్ల చేతికి ఓ పాత కాగితం ఇచ్చి, జాగ్రత్త అని చెబితే ఏమవుతుందో పాపం మా టోపీ తాతగారికి తెలియదు.

టోపీ తాతగారంటే నోవైలోని మా ఆఫీసులో నా పక్క క్యూబికల్ ఆయన. కార్ల బ్రేకుల సాఫ్ట్‌వేర్ రాయడంలో ముప్పై ఏళ్ళ అనుభవం, ఇంకో మూడేళ్ళలో రిటైర్మెంట్. ఆయన తలమీద అక్కడి బేస్‌బాల్ టీమ్ టోపీ ఒకటి ఎప్పుడూ ఉండేది. ఉతికి ఉతికి దాని అసలు రంగేమిటో ఆయనే మర్చిపోయారు. ఆయనని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు, 'సర్' అంటే ఆయన ఒప్పుకోలేదు. అందుకని ఎదురుగా ఏమీ అనకుండా గొంతు సవరించుకునేదాన్ని, వెనకాల టోపీ తాతగారు అనేదాన్ని. ఆయన నన్ను 'కిడ్డో' అనేవారు. క్రికెట్ చూసి పెరిగిన నాకు బేస్‌బాల్ మొదట్లో ఒక్క ముక్క అర్థం కాలేదు. (కొట్టాక బ్యాట్ అవతల పారేసి పరిగెత్తడమేమిటి? మా వీధిలో అలా చేస్తే బ్యాట్ సొంతదారు తన్నేవాడు.) తాతగారు లంచ్ టేబుల్ మీద ఉప్పు డబ్బా, మిరియాల డబ్బా, కెచప్ సీసా పెట్టి ఓపికగా నేర్పారు. రెండో వేసవికల్లా స్టేడియంలో ఆయనకంటే నేనే ఎక్కువ అరుస్తున్నాను.

ఆటతోపాటు ఆయన జబ్బు కూడా నాకు అంటుకుంది. ఆ టీమ్‌కి సంబంధించిన పాత వస్తువేదైనా సరే, పోగేయాల్సిందే. ఆయన ఇంటి బేస్‌మెంట్ చూడాలి మీరు! పడగొట్టిన పాత స్టేడియంలోంచి తెచ్చిన చెక్క కుర్చీ, విరిగిన బ్యాట్లు, సంతకాల బంతులు, చిరిగిన టికెట్లు, అన్నీ వరసగా అద్దాల అరల్లో. మొదటిసారి వెళ్ళినప్పుడు అలవాటు కొద్దీ మెట్ల దగ్గరే చెప్పులు విడిచాను. ఆయన ఒక్క క్షణం నా కాళ్ళకేసి చూసి, తన బూట్లు కూడా విప్పేశారు. ఆ తర్వాత నుంచి ఎవరొచ్చినా బూట్లు విప్పించేవారట. నేనూ సొంతంగా సేకరణ మొదలుపెట్టాను. నా మొట్టమొదటి ఆటోగ్రాఫ్ టీమ్ చొక్కా వేసుకున్న ఒక ఆజానుబాహుడిది, పేపర్ నాప్‌కిన్ మీద. ఉబ్బితబ్బిబ్బయిపోతూ తెచ్చి చూపిస్తే తాతగారు కళ్ళజోడు సర్దుకుని చూసి, "కిడ్డో, ఈయన స్టేడియంలో గడ్డి కోసే ఆయన" అన్నారు. నా మొహంలో రంగు మారేసరికి, "దాచుకో. ఆయన సంతకం ప్రపంచంలో నీ ఒక్కదాని దగ్గరే ఉంటుంది" అని కూడా అన్నారు.

ఆ బేస్‌మెంట్ మొత్తానికి మూలవిరాట్టు ఒక స్కోర్‌కార్డు. మధ్యకి మడిచిన అట్ట కాగితం అంతే. తాతగారికి పదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న ఆయన్ని ఒక పెద్ద మ్యాచ్‌కి తీసుకెళ్ళారు. ఆ కాలంలో గేటు దగ్గర ఈ కార్డు కొనుక్కుని, ఎవరు కొట్టారో ఎవరు అవుటయ్యారో ప్రేక్షకులే పెన్సిల్‌తో గళ్ళలో నింపుకునేవారట. వాళ్ళ నాన్న మ్యాచ్ మొత్తం నింపారు. మన టీమ్ గెలిచింది. ఆ సంబరంలో తండ్రీకొడుకులు బయట నిలబడి, ఆడిన తొమ్మిది మందిలో ఎనిమిది మంది చేత కార్డు మీద సంతకాలు చేయించుకున్నారు. తొమ్మిదో ఆయన, అంటే ఆ రోజు బంతి విసిరిన పిచ్చర్, ఎంతకీ బయటికి రాలేదు. "తర్వాత ఎప్పుడైనా పట్టుకుందాంలేరా" అన్నారట వాళ్ళ నాన్న. ఆ 'తర్వాత' రాకుండానే ఆ నాన్నగారు పోయారు. కార్డులో తొమ్మిదో పేరు పక్కన ఖాళీ అలాగే ఉండిపోయింది. తాతగారు దాన్ని ఏడాదికొకసారి, తెల్ల గ్లవుజులు తొడుక్కుని, కవర్లోంచి సగం మాత్రం బయటికి లాగి చూపించేవారు. "నాన్న రాసిన పెన్సిల్ చెరిగిపోతుందని భయం. నలభై ఏళ్ళయింది నేను దీన్ని చేత్తో ముట్టుకుని" అన్నారొకసారి. నాకు ఆ మాట గుండెల్లో దిగిపోయింది. దిగిపోయి ఊరుకుంటే బాగుండేది.

ఆ ఏడు మార్చిలో ఒక వార్త వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళ ఆ పిచ్చర్ మా పక్క ఊరి హోటల్ హాల్లో, పాత వస్తువుల షోలో, ఒక్క శనివారం సంతకాలు పెడతారట. ఆయన ఇక బయటికి రావడం అదే ఆఖరట. కానీ ఆ ముందు మంగళవారమే తాతగారికి మోకాలి ఆపరేషన్ అయింది. మంచం దిగే వీల్లేదు. నేను చూడ్డానికి వెళ్తే కవరు నా చేతుల్లో పెట్టి, "నిన్ను తప్ప ఇంకెవరినీ నమ్మలేను. వెళ్ళి తొమ్మిదోది పట్టుకురా. జాగ్రత్త, కిడ్డో" అన్నారు. ఇంగ్లీషులోనే అన్నారు గానీ, నాకు మాత్రం మా నాన్న విమానాశ్రయంలో అన్నట్టే వినిపించింది.

ఇక నా కంగారు చూడండి. బయట కరుగుతున్న మంచు, రోడ్లన్నీ బురద. కార్‌లో కాఫీ కప్పు. ఇంట్లో మా రూమ్మేట్ అక్క వంట చేస్తే పోపు గింజలు హాల్లోకి కూడా ఎగిరొస్తాయి. వీటన్నిటి మధ్య వాళ్ళ నాన్న రాసిన పెన్సిల్ గీతలు! నలభై ఏళ్ళుగా ఒక మనిషి వీటికోసమే భయపడుతున్నాడు, ఒక్కడికీ పరిష్కారం తట్టలేదా? వీళ్ళు చంద్రుడి మీదకి వెళ్ళారు గానీ, వీళ్ళకి చిన్న చిన్న విషయాలు తెలియవు అనుకున్నాను (నిజంగానే అనుకున్నాను, అబద్ధమెందుకు). శుక్రవారం సాయంత్రం అందరూ వెళ్ళాక ఆఫీస్ కాపీ రూమ్‌లో లామినేషన్ మెషిన్ ఆన్ చేసి, కార్డు మడత విప్పి, పెద్ద కవర్లో పెట్టి, దేవుడికి దణ్ణం పెట్టి లోపలికి తోశాను. అట్లు పెనం మీంచి వచ్చినట్టు వేడివేడిగా బయటికొచ్చింది. ఒక్క బుడగ లేదు, ఒక్క ముడత లేదు. తాతగారు చూస్తే ఆనందంతో ఏడుస్తారనుకున్నాను.

ఇంటికి తెచ్చి రూమ్మేట్ అక్కకి చూపించాను. ఆవిడది వరంగల్, నాకంటే నాలుగేళ్ళు పెద్ద, నా జీవితానికి సంబంధించిన సమస్త నిర్ణయాల్లోనూ సలహాదారు. "అబ్బ! మస్తుగున్నది పిల్లా" అంటూ తిప్పి తిప్పి చూసింది. "గిప్పుడు దీనిమీద పప్పు ఒలికినా రంది లేదు, తుడిస్తే పోతది." నమ్మకం కోసం తడిబట్టతో తుడిచి కూడా చూశాం. అక్షరం చెక్కుచెదరలేదు. ఇద్దరం ఆ రాత్రి హాయిగా నిద్రపోయాం.

మర్నాడు హాల్లో లైన్ చాంతాడంత ఉంది. నా వెనకాల, దిండు గలీబులో బ్యాట్ చుట్టుకుని ఒక గడ్డం అన్నయ్య నిలబడ్డాడు. కాలక్షేపానికి మాట కలిపి, ఏం తెచ్చారని అడిగాడు. నేను గర్వంగా ఫోల్డర్ తెరిచి చూపించాను. అతని మొహంలో నవ్వు అలాగే ఉండిపోయి, కళ్ళల్లోంచి మాత్రం పోయింది. "ఇది... ఎవరు చేశారు?" అన్నాడు మెల్లగా. నేనే అన్నాను. అతను గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ముందున్నాయన వెనక్కి తిరిగి చూసి టోపీ తీసేశాడు. అప్పుడు తెలిసింది నాకు, ఈ లోకంలో పాత కాగితానికి చేయగలిగిన మహాపాపం లామినేషనేనని. "విప్పలేమా?" అని అడిగాను. "విప్పితే ప్లాస్టిక్‌తోపాటు పెన్సిలూ, సంతకాలూ ఊడొస్తాయి. ఇక ఇది సేకరణలో పెట్టే వస్తువు కాదు, భోజనం టేబుల్ మీద ప్లేట్ కింద పరుచుకోవచ్చు" అన్నాడు. అని ఊరుకోకుండా, "అయినా ఇప్పుడు ఆయన సంతకం దేనిమీద పెడతాడు?" అన్నాడు.

పైప్రాణాలు పైనే పోయాయి. నిజమే కదా! సంతకం కోసం పంపిన కాగితాన్ని సంతకం అంటకుండా మూసేసి తీసుకొచ్చానన్నమాట. ఫలానా యూనివర్సిటీలో డిస్టింక్షన్ నేను. ఫోన్ తీసి, "అక్కా, కొంప మునిగింది" అని ఏడుపు మొదలుపెట్టాను. అంతా విని అక్క, "ఏడ్వకు. లైన్ల నుంచి మాత్రం బయటికి రాకు. ముందుగాల సంతకం తెచ్చుకో, ఇంటికొచ్చినంక ఇద్దరం కూసొని ఏడుద్దాం" అంది. ఆవిడ సలహాల్లో పనికొచ్చింది ఏదైనా ఉందంటే అదే.

నా వంతు వచ్చింది. ఆ పెద్దాయన కళ్ళు ఇంకా చురుగ్గా ఉన్నాయి. కార్డు మీద పెన్ను పెట్టారు, జర్రున జారింది. వేలితో టకటకా కొట్టి చూశారు. "దీన్ని ఎవరమ్మా చంపింది?" అన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడకుండా, అంతా కక్కేశాను. పదేళ్ళ పిల్లాడు, వాళ్ళ నాన్న, ఎనిమిది సంతకాలు, మోకాలి ఆపరేషన్, మా నాన్న, ఆవకాయ కొలతలతో సహా. వెనకాల గడ్డం అన్నయ్య ముక్కు చీదుకోవడం వినిపించింది. పెద్దాయన కార్డుకేసి చూసి, "ఆ రోజు నేను గర్వంతో బయటికి రాలేదనుకున్నారా? గెలిచిన ఆనందంలో తొమ్మిది హాట్‌డాగ్‌లు తిన్నాను. స్టేడియం ఖాళీ అయ్యేదాకా బాత్రూమ్‌లోనే ఉన్నాను" అన్నారు. తర్వాత నల్ల మార్కర్ ఒకటి అడిగి తెప్పించుకుని, తొమ్మిదో పేరు పక్కన, ప్లాస్టిక్ మీదే, పెద్ద సంతకం పెట్టారు. "వేలు తగిలితే చెరిగిపోతుంది. ఆ పిల్లాడికి చెప్పు, ఆలస్యమైనందుకు ఏమీ అనుకోవద్దని" అన్నారు.

కార్డుని ముందు సీట్లో వెల్లకిలా పడుకోబెట్టి, సీట్‌బెల్ట్ పెట్టి, ముప్పై మైళ్ళ వేగంతో డ్రైవ్ చేశాను. వెనకాల హారన్లు మోగిస్తే మోగించుకోండని ఊరుకున్నాను. దారంతా తాతగారికి చెప్పబోయే మాటలు వల్లె వేసుకున్నాను. తీరా ఆయన మంచం దగ్గరికి వెళ్ళేసరికి అవన్నీ మర్చిపోయి, "నేను మీ నాన్నగారి కార్డు పాడుచేసేశాను" అని మాత్రం అనగలిగాను.

ఆయన రెండు చేతులూ చాపారు. గ్లవుజులు బేస్‌మెంట్‌లో ఉన్నాయి, తెస్తానన్నాను. వినిపించుకోలేదు. కార్డు అందుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. తిడితే బాగుండుననిపించింది. చూపుడు వేలు మొదటి గడి మీద పెట్టారు. భయపడుతున్నట్టు మెల్లగా, గీత వెంట గీత, వాళ్ళ నాన్న రాసిన మ్యాచ్ మొత్తం వేలితో చదువుకుంటూ పోయారు. ఎనిమిదో గడి దగ్గర ఆగి, "ఇక్కడ నేను సోడా ఒలకబోశాను. మా నాన్న నవ్వారు" అన్నారు. మరకని అరచేత్తో నిమిరారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు కార్డు మీద పడ్డాయి. ఆ తడిని చొక్కా చేతితో తుడిచేశారు. అక్షరం చెక్కుచెదరలేదు.

నేను అక్కడే కూలబడి భోరుమన్నాను. ఆ ఏడుపులోనే పిచ్చర్ చెప్పమన్న మాటా, వేలు తగిలితే ఆ సంతకం చెరిగిపోతుందన్న మాటా చెప్పేశాను. ఆయన నా ఏడుపు తగ్గేదాకా ఆగి, తొమ్మిదో సంతకం కేసి చూపించి, ఎంతో గంభీరంగా, "కిడ్డో, ఇది చెరిగిపోతుందంటున్నావు కదా. ఆఫీస్‌లో ఇంకా పెద్ద సైజు కవర్లు ఉన్నాయా?" అన్నారు. సోమవారం పొద్దున్నే వెళ్ళి దానిమీద మళ్ళీ లామినేషన్ చేశాను. గడ్డం అన్నయ్యకి తెలిస్తే ఈసారి అంబులెన్స్ పిలవాల్సి వచ్చేది.

తాతగారు ఆ ఏడాదంతా దాన్ని భోజనం టేబుల్ మీద ప్లేట్ కిందే పరుచుకున్నారు. రిటైరై ఫ్లోరిడా వెళ్ళేటప్పుడు బేస్‌మెంట్ సామానంతా సేకరించేవాళ్ళకి ఇచ్చేశారు. ఈ కార్డు మాత్రం ఎవరూ తీసుకోలేదు. ఆయన ఎవరినీ అడగలేదని నాకు తర్వాత తెలిసింది. ఒకరోజు నా డెస్క్ మీద పెట్టి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయారు.

ఇప్పుడది నాన్న ఇచ్చిన ఫైల్లో, నా పదో తరగతి మెమోకీ గడ్డి కోసే ఆయన నాప్‌కిన్‌కీ మధ్యన ఉంది. ఇప్పుడు నాకూ అంతా తెలుసు, యాసిడ్ లేని కాగితాలు, ఎండ తగలని అద్దాలు, గ్లవుజులు. ఏ పాత కాగితాన్నీ లామినేషన్ చేయకూడదని కొత్తవాళ్ళకి క్లాసు పీకుతాను కూడా. అప్పటి ఆ పిల్లని తలుచుకుంటే మాత్రం ఒళ్ళు మండదు, ముద్దొస్తుంది. మొన్న మా ఏడేళ్ళది పీనట్ బటర్ చేతుల్తో వచ్చి, "అమ్మా, కెన్ ఐ టచ్ ఇట్?" అని అడిగింది. గ్లవుజుల కోసం లేవబోయి, మళ్ళీ కూర్చున్నాను.

"ముట్టుకో తల్లీ" అన్నాను. "అది అందుకే ఉంది."