కుట్టుమిషను ఆగినప్పుడల్లా

మా పిన్ని కొత్త బట్టలు కుట్టదు. పొడుగైన ప్యాంట్లను కురచ చేయడం, బిగుతైన నడుములను వదులు చేయడం, పళ్ళూడిన జిప్పులు మార్చడం, అరిగిన కాలర్లు విప్పి తిరగేసి వేయడం ఆమె వృత్తి. ఎంత ఖరీదైన కోటు తెచ్చి ముందు పడేసినా, కుట్టు ఎక్కడ దారి తప్పిందో ఆమె కన్ను ముందుగా అక్కడికే పోతుంది. తప్పు కనబడ్డాక చేతులు ముడుచుకుని కూర్చోవడం ఆమె వల్ల కాదు.

రెండు గదుల వాటా అది, మూడో అంతస్తులో. ముందుగదిలో కిటికీ కింద మిషను. దానికి మూరెడు ఎడంలో కూతురి చదువు బల్ల, బల్ల మీద కంప్యూటరు. ఆ పిల్ల బడి అంతా ఆ తెరలోనే. పసితనంలో ఊపిరితిత్తుల జబ్బు చేసి, డాక్టరు జనంలోకి పంపవద్దంటే ఒకటో తరగతిలో ఆన్‌లైన్ బడిలో చేర్పించారు. జబ్బు ఎప్పుడో పోయింది, బడి మాత్రం నిలిచిపోయింది. పిల్ల అసలు పేరు ఆ బడివాళ్ళకే తెలియాలి. తిరిగే కుర్చీలో కూర్చుని పాఠం నడుమ ఒక చుట్టు చుట్టి వచ్చే అలవాటు వల్ల ఇంట్లో అందరికీ ఆమె బొంగరం.

ఆ బడిలో ఒక నియమం ఉంది. ఐదో తరగతి దాకా పాఠం సాగుతున్నంతసేపూ ఇంటి పెద్దల్లో ఒకరు పిల్ల పక్కనే ఉండాలి. ఆ మనిషిని ‘ఇంటి తోడు’ అంటారు. ఇంటి తోడు సమాధానాలు చెప్పకూడదు, సైగలు చేయకూడదు. ఆరో తరగతి నుంచి గదిలో పిల్ల ఒక్కతే ఉండాలి. మా పిన్ని ఈ నియమాన్ని ఎంత నిష్ఠగా పాటించిందంటే, పాఠం మొదలయ్యే ముందు పెదవుల మధ్య నాలుగు గుండుసూదులు బిగించి పెట్టుకునేది. నోరు తెరిచే వీలే లేకుండా చేసుకుంటే పోలా అని ఆమె ఆలోచన. పిల్ల వైపు తల కూడా తిప్పేది కాదు. మిషను తొక్కుతూ, తన పని తాను చూసుకుంటూ అయిదేళ్ళు కూర్చుంది.

అలాంటి మనిషికి ఐదో తరగతి చివర్లో బడి నుంచి ఫోను వచ్చింది. బొంగరానికి పాఠాల్లో ఎవరో సాయం చేస్తున్నారని అనుమానం ఉందనీ, విచారణ ముగిసేదాకా ఆరో తరగతి ప్రవేశం ఆపేశామనీ, బుధవారం ఉదయం కుటుంబమంతా తెర ముందుకు రావాలనీ చెప్పారు.

పిన్ని వెంటనే నాకు ఫోను చేసింది.

“నేను దొంగనటే? నా కూతురు దొంగా?”

నేను న్యాయశాస్త్రం చదివి ఒక సీనియరు లాయరు దగ్గర అప్పుడప్పుడే పని నేర్చుకుంటున్నాను. పదేళ్ళ పిల్లను ముద్దాయిని చేసి, ఆధారం చూపకుండానే శిక్ష మొదలుపెట్టిన ఆ బడి మీద నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరోపణ ఏమిటో ముందుగా చెప్పకపోవడం, ఆరోపించినవాళ్ళే తీర్పరులు కావడం, విచారణ కంటే ముందే ప్రవేశం నిలిపివేయడం: వేలు పెట్టి చూపించగల అన్యాయాలు మూడున్నాయి. బుధవారం తెల్లవారేసరికి వాటికి మరో రెండు చేర్చుకుని పిన్ని ఇంట్లో దిగాను.

“వచ్చిందండీ మా వకీలమ్మ!” అన్నాడు బాబాయి తలుపు తీస్తూ. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఆ రోజు సెలవు పెట్టాడు. “ఉరి తప్పిస్తావా, లేక కనీసం బెయిలైనా ఇప్పిస్తావా?”

“బాబాయ్, ఇది నవ్వులాట కాదు.”

“నవ్వకపోతే మీ పిన్ని ఏడుస్తుందే. నిన్నటి నుంచీ ఒక్క గుండీ కూడా కుట్టలేదు.”

తెర మీద ఇద్దరు కనిపించారు, నెరిసిన జుట్టు ప్రిన్సిపాల్ గారు, ఐదో తరగతికి లెక్కలూ సైన్సూ చెప్పే మేడమ్. బొంగరం తన కుర్చీలో, పక్కన పిన్ని, వెనక నిలబడి నేనూ బాబాయీ.

ప్రిన్సిపాల్ గారు నమస్కారం పూర్తిచేసేలోగానే నేను అందుకున్నాను. ఆధారం లేని ఆరోపణ పసిమనసుకు ఎంత గాయమో చెప్పాను. ఆరోపణకు సమాధానం చెప్పుకునే అవకాశం ఎవరి దయా కాదని చెప్పాను. నా మాటలు నాకే బాగున్నాయనిపిస్తున్న సమయంలో మేడమ్ చెయ్యెత్తింది.

“ఆధారం వినిపిస్తానమ్మా. విన్నాక మీరే చెప్పండి.”

ఆమె పాత పాఠాల రికార్డింగుల్లో కొన్ని ముక్కలు వేరుచేసి ఉంచింది. మొదటిది మోగించింది. మిషను చప్పుడు నడుస్తూ ఉంది. దాని మీద మేడమ్ గొంతు: “ముప్పావు గంట అంటే ఎన్ని నిమిషాలు?” బొంగరం గొంతు: “నల...భై...” మిషను టక్కున ఆగింది. “కాదు కాదు, నలభై అయిదు!” మిషను మళ్ళీ అందుకుంది.

“అయితే?” అన్నాను.

రెండోది వినిపించింది. వేరే రోజు, వేరే ప్రశ్న. పిల్ల తప్పు సమాధానం మొదలుపెట్టింది. మిషను ఆగింది. పిల్ల సమాధానం మార్చుకుంది. మిషను నడిచింది. ఆ తర్వాత ఇంకొకటి, మరొకటి. ప్రతిదాంట్లోనూ అదే వరస.

పిన్ని తెర వైపు వంగింది. “అది... అది నా మిషనేనండీ. కానీ నేనేమీ చెయ్యలేదు. దారం తెగి ఉంటుంది, బట్ట మడత పడి ఉంటుంది. వంద కారణాలుంటాయండీ ఆగడానికి.”

“ఇది యాదృచ్ఛికం” అన్నాను నేను గట్టిగా. “ఇలా ఏరి తీసిన ముక్కలతో ఏమైనా రుజువు చేయవచ్చు.”

“సరే, ఇంకొక్కటి వినండి” అంది మేడమ్. ఆమె గొంతులో గెలుపు లేదు. నిజానికి దిగులుగా ఉంది.

“ఆరేసిన బట్టల్లో నీళ్ళు ఎక్కడికి పోతాయి?” అని ప్రశ్న. “ఆవిరై గాల్లోకి...” అని బొంగరం చెప్పబోతుండగా మిషను ఆగింది. “కాదు మేడమ్, కారి నేలలోకి పోతాయి” అంది పిల్ల. మిషను నడవలేదు. “కాదు, కాదు... బట్టలోనే ఉండిపోతాయి.” అప్పటికీ నిశ్శబ్దమే. చివరికి వెనకనుంచి పిన్ని గొంతు, సూదులు పెదవుల్లో ఉండగానే, అస్పష్టంగా వినిపించింది: “పాడు దారం!”



ఆ ఒక్క ముక్కా నన్ను నిలువునా కూలదోసింది. పిన్ని కావాలని సైగ చేయలేదనడానికి అంతకు మించిన రుజువు లేదు. ఆ రోజు దారం నిజంగానే తెగింది. కానీ పిల్ల మిషను మాట వింటున్నదనడానికి కూడా అదే రుజువు. చేతిలో ఉన్న సరైన సమాధానాన్ని, దారం తెగిన పాపానికి, పారేసుకుంది.

ప్రిన్సిపాల్ గారు మెల్లగా అడిగారు. “బుజ్జమ్మా, నీకు ఎవరైనా సమాధానాలు చెప్తారా?”

“లేదండీ. ఎవ్వరూ చెప్పరు.”

“మరి సమాధానం ఎందుకు మార్చావు?”

“మిషను ఆగింది కదండీ” అంది బొంగరం, పొద్దున్నే వెలుగొస్తుంది కదా అన్నంత మామూలుగా. “ఆగితే తప్పన్నట్టు. నడుస్తుంటే సరే అన్నట్టు.” అందరి మొహాలూ మారిపోవడం చూసి తడబడింది. “అందరిళ్ళల్లోనూ ఏదో ఒకటి ఉంటుంది కదా? లేకపోతే తప్పని వాళ్ళకెలా తెలుస్తుంది?”

బాబాయి అంతటి మనిషి ఒక్క జోకు కూడా వేయలేదు.

పిన్ని లేచింది. “అబద్ధం. నేను ఆపుతానా? నా కాలు నాకు తెలీకుండా ఆగుతుందా? అడగండి మేడమ్, ఏదైనా అడగండి. నేను కుడుతూనే ఉంటాను, చూడండి.” మిషను ముందు కూర్చుని, ఎవరిదో తెల్ల చొక్కా కాలరు సూది కిందికి తోసి, పెడలు మీద కాలు వేసింది.

మేడమ్ ఒక భాగహారం అడిగింది. బొంగరం లెక్క వేసుకుని తప్పు చెప్పింది. నేను పిన్ని మొహం చూడలేదు, కాలు చూశాను. మడమ గాల్లోకి లేచింది. పిన్ని ఆ కాలి వైపు, అది పరాయి మనిషి కాలన్నట్టు చూసింది. పళ్ళు బిగించి మళ్ళీ కిందికి నొక్కింది. మిషను ముందుకు దూకింది, కుట్టు కాలరు అంచు దాటి చొక్కా మీదికి వంకరగా పోయింది. బొంగరం అయోమయంగా తల్లి వైపు తిరిగింది.

“అమ్మా, సరేనా కాదా?”

పిన్ని చేతులు ఒళ్ళో పడేసుకుంది. ఇన్నేళ్ళలో ఆమె ఒకరి బట్ట చెడగొట్టడం నేను చూడటం అదే మొదలు.

ప్రిన్సిపాల్ గారి నిర్ణయం నేను ఊహించినంత కఠినంగా లేదు. ఇది మోసం కాదని రికార్డులో రాస్తామన్నారు. కానీ వచ్చే సోమవారం పిల్ల గదిలో ఒంటరిగా నోటిపరీక్షకు కూర్చోవాలి. కెమెరా ముందునుంచి లేవకూడదు. అందులో నిలబడితే ఆరో తరగతి. లేకపోతే ఇంటి తోడుతో మళ్ళీ ఐదే.

“పై అధికారులకు అప్పీలు చేద్దాం” అన్నాను తెర ఆరిపోగానే. “ఇన్నేళ్ళు ఆ చప్పుడు విన్నవాళ్ళు అప్పుడెందుకు ఊరుకున్నారు? బాధ్యత వాళ్ళదీ ఉంది.”

“నువ్వాగు” అంది పిన్ని. నా మీద ఆమె విసుక్కోవడం అరుదు. “వాళ్ళ మీద గెలిచి ఏం చేసుకోను? దానికి ఏదీ తెలీదే! తెలిసింది కూడా తెలీదు!”

ఆ వారమంతా నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. చూసేకొద్దీ నాకు మతిపోయింది. చారులో ఉప్పు సరిపోయిందా అని అడిగితే, బొంగరం ముందు తల్లి మొహంలోకి చూసి ఆ తర్వాత తల ఊపేది. బయట చలిగా ఉందా అంటే తండ్రి వైపు చూసేది. మేం మొహాలు తిప్పుకుంటే మాట మింగేసేది. ఒకసారి మేడమ్ ఇచ్చిన లెక్క సరిగ్గా చేసి, ఎవరూ ఏమీ అనకపోవడంతో మొత్తం కొట్టేసింది.

“ఎందుకు కొట్టేశావే?” అన్నాను ఓపిక నశించి.

“ఎవరూ ఏమీ అనలేదుగా అక్కా.”

“అనకపోతే తప్పయిపోతుందా?”

ఆ ప్రశ్నకూ ఆమె జవాబు నా మొహంలోనే వెతికింది.

పిన్ని మిషనును వెనక గదిలోకి మార్పించింది. బాబాయి దాన్ని మోస్తూ, “లిఫ్టు లేకుండా బరువు మోయడం నాకు అవమానం” అని గొణిగాడు. పిన్ని నవ్వలేదు. ఆదివారం కూతురి జుట్టు దువ్వుతూ అంది: “రేపు నేను లోపల ఉండను. తప్పు చెప్తే చెప్పు. బట్ట నాశనం కాదు, ఎవరూ కొట్టరు. ఎందుకు తప్పయిందో నువ్వే విప్పి చూసుకో.”

“విప్పడం నాకు రాదమ్మా.”

“నాకూ ఎవరూ నేర్పలేదు” అంది పిన్ని. దువ్వెన మాత్రం జుట్టులో ఆగిపోయింది.

సోమవారం పరీక్ష మొదలయ్యాక నేనూ పిన్నీ ముందుగది తలుపు బయట మెట్ల మీద నిలబడ్డాం. తలుపు పలచన, ప్రతి మాటా వినిపిస్తోంది. మొదటి ప్రశ్నలు గడిచాయి. కొన్నిటికి చాలాసేపు మౌనం, తర్వాత పీలగా ఒక మాట. పిన్ని తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసి ఉంచింది. నేను ఆ చెయ్యి మీద నా చెయ్యి వేశాను.

“ఒక గది పొడవు ఆరు మీటర్లు, వెడల్పు నాలుగు మీటర్లు” అంది మేడమ్. “గోడల వెంబడి, గది చుట్టూ పట్టీ అతికించాలి. ఎన్ని మీటర్ల పట్టీ కావాలి?”

“ఇరవై నాలుగు” అంది బొంగరం.

 లోపల ఎవరూ మాట్లాడలేదు.

“చూడమ్మా” అని మేడమ్ ఏదో చెప్పబోయింది.

“ఆగండి మేడమ్! చెప్పొద్దు.”

నేను ఉలిక్కిపడ్డాను. ఆ పిల్ల ఒక పెద్దమనిషి మాటకు అడ్డం రావడం ఎన్నడూ లేదు. ఆ వెంటనే కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, తర్వాత అడుగులు.

“ఎక్కడికి వెళ్తున్నావు? కెమెరా ముందుకి రా” అన్నారు ప్రిన్సిపాల్ గారు. “లేవకూడదని చెప్పాం కదా.”

“వస్తున్నానండీ. ఇంకొక గోడ మిగిలింది.”

 లేచిందంటే పరీక్ష చెల్లదు. తలుపు తోసి లోపలికి దూకి వాదించాలని తహతహలాడాను. ఇప్పుడు పిన్ని చెయ్యి నన్ను ఆపింది.

“గుణించాను మేడమ్, అది తప్పు. చుట్టూ అంటే నడవాలి. ఆరు, నాలుగు, మళ్ళీ ఆరు, మళ్ళీ నాలుగు. ఇరవై. ఖాయంగా ఇరవై.”

“గది దాటి వెళ్ళలేదు కదా?” అన్నారు ప్రిన్సిపాల్ గారు.

“లేదండీ. నాలుగే గోడలున్నాయి ఇక్కడ. మీ గదిలో ఎక్కువున్నాయా?”

మేడమ్ నవ్వు తలుపు దాటి వచ్చింది. ఆ లేవడాన్ని క్షమించామనీ, ఆరో తరగతిలో చేర్చుకున్నామనీ సాయంత్రం ఫోను చేసి చెప్పారు. మెట్ల మీద నిలబడి ఉన్న ఆ క్షణానికి అదేమీ మాకు తెలియదు. పిన్ని గొళ్ళెం వదిలేసి నా వైపు తిరిగింది.

“ఖాయంగా అందా?”

“అంది పిన్నీ.”

“అప్పటికి సరేనని ఎవరూ అనలేదు కదా?”

“లేదు. ఎవరూ అనలేదు.”

ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది. తలుపు మాత్రం తెరవలేదు. లోపల మేడమ్ తర్వాతి ప్రశ్న మొదలుపెట్టింది.