కత్తిపీటకు తెగిన పిల్లి కాలు

అరవయ్యో దశకం చివర్లో చీపురుపల్లిలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసేదాన్ని. రోజంతా నిలబడి ఇల్లు చేరినా, వంటయ్యేదాకా కోడలు కూర్చోవడం మా ఇంట్లో లేదు. ఆ సాయంత్రం గుమ్మంలో అడుగు పెట్టగానే మా అత్తగారు అరిచింది.

“ఓలమ్మో, సూడే! నెత్తురు ఆగట్నేదు!”

ఆవిడ కత్తిపీట మీద చేపలు కోస్తుంటే పిల్లి మధ్యలో కాలు పెట్టిందట. అద్దిన పసుపంతా అది నాకేస్తోంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని పాతగుడ్డతో గాయాన్ని అదిమిపట్టాను. నా చెయ్యంతా గీరేసింది. పట్టు వదలబోతే మళ్లీ నెత్తురు ఊరింది.

“నువ్వు కదలకు, అలగే కూకో! పొయ్యి నాను సూస్తాను” అందావిడ.

కాపురానికొచ్చాక ఆ మాట వినడం అదే మొదలు. కాసేపటికి నెత్తురు ఆగింది, పిల్లి నిద్రపోయింది. చేపల పులుసు పొయ్యి దిగేదాకా నేను మాత్రం చెయ్యి తీయలేదు.