మేకు కొట్టని ఇల్లు

నిన్న కొత్తపేట నుంచి వస్తూంటే కాలువ వంతెన దగ్గర బస్సు ఆగింది. కిటికీలోంచి నానిన కొబ్బరి పీచు వాసన గుప్పుమంది. నెలల తరబడి నీళ్ళలో మగ్గిన కొబ్బరి డొక్కలను అప్పుడే గట్టు మీదికి లాగుతున్నట్టున్నారు. పక్క సీటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను తల ఇంకొంచెం బయటికి పెట్టాను. నాకు అది దానియేలు మాస్టారి చేతుల వాసన. ఇంటికి రాగానే 1974 డైరీ తీశాను. ఆ ఆగస్టులో పధ్నాలుగు రోజుల రాత ఆయన గురించే.

అప్పటికి అమలాపురంలో ఆయన ఇంట్లో సగం వాటాకు మేము అద్దెకు వచ్చి ఏడు నెలలు. మాస్టారు బడిలో క్రాఫ్టు చెప్పి రిటైరయిన మనిషి. తాడు పేనడం, చాప అల్లడం, తడిక కట్టడం తరతరాల పిల్లలకు నేర్పారు. భార్య పోయాక మిగిలిన సగంలో ఒక్కరే ఉండేవారు. మేము సామాను దించుకున్న రోజున ఒకే ఒక్క షరతు పెట్టారు. "మిగతావన్నీ మీ ఇష్టమండీ. గోడకి మాత్రం మేకు కొట్టకూడదండీ." క్యాలెండరుకైనా వద్దా అని అడిగాను. "క్యాలెండరు బల్ల మీద పెట్టినా తేదీలు చెప్తుందండీ" అన్నారు. తేదీల మనిషిని కనుక నాకు ఆ మాట నచ్చలేదు.

ఆగస్టు నాటికి మా పద్మకు పధ్నాలుగు నెలలు. నడక కొత్తగా వచ్చింది. మా వారి ఉద్యోగం రాయవరంలో; శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేవారు. నా సెలవు అయిపోవచ్చింది. ఇరవై ఆరో తేదీ సోమవారం ఆఫీసులో చేరాలి. పగలు పిల్లను చూడడానికి అత్తగారు ఉన్నారు కానీ ఆవిడ మోకాళ్ళు పనిచేయవు. పిల్ల వెనక నాలుగు అడుగులు పరుగెత్తలేరు. ఇంటి వెనక బావి ఉంది, ముందు ఎత్తయిన అరుగు ఉంది. "ఇల్లు కుదరకపోతే నా దగ్గర వదిలెయ్యి. మూడేళ్ళు నిండాక తీసుకెళ్దువుగాని" అని కాట్రేనికోన నుంచి మా అమ్మ రాసింది. నేను లెక్క వేశాను. మూడేళ్ళు నిండడానికి ఇరవై రెండు నెలలు. ఆదివారానికి ఒకసారి చూస్తే, పిల్లను నేను చూసేది తొంభై అయిదు సార్లు. ఆ అంకె కింద రెండు గీతలు గీసి చాలాసేపు కూర్చున్నానని డైరీ చెబుతోంది.

నాకు తెలిసిన పద్ధతి కొలవడం. టేపు తెచ్చి, పద్మను గోడకు ఆనించి, చెయ్యి పైకెత్తించి కొలిచాను. ముప్పై అయిదు అంగుళాలు. జాగ్రత్తకు మూడు కలిపాను. ఇంట్లో ప్రమాదమనిపించిన వస్తువులు ముప్పై ఎనిమిది లెక్కకు వచ్చాయి. అన్నిటినీ ముప్పై ఎనిమిది అంగుళాల పైకి చేర్చాను. రెండంకెలూ ఒకటే కావడం కూడా శుభమనుకున్నాను. మూడోనాడు నేను నీళ్ళు తోడుతూంటే వంటింట్లో గాజు భళ్ళున పగిలింది. అత్తగారు లేవలేక కూర్చున్నచోటి నుంచే కేకలు పెడుతున్నారు. పరుగెత్తి చూస్తే కిరసనాయిలు మడుగులో, గాజు పెంకుల నడుమ, అన్నాల పీట మీద నిలబడి ఉంది పద్మ. ఆ పీటను అది తనంతట తనే, నేను సీసా పెట్టిన కిటికీ కిందికి లాక్కొచ్చుకుంది. పీట ఎత్తు అయిదు అంగుళాలు. నా లెక్కలో పీట లేదు. పిల్ల ఒంటి మీద గీత కూడా పడలేదు. నా అరికాలు మాత్రం తెగింది.

కాలికి గుడ్డ కట్టుకుని అదే నడకన మాస్టారి వాటాకు వెళ్ళాను. నాలుగు గడియలు, రెండు కొక్కేలు బిగించుకోవాలి, బెజ్జాలు వేయనివ్వండి అన్నాను. ఆయన తాడు పేనుతూ విన్నారు. "గోడకి వద్దండీ" అన్నారు. "మా నాన్న కూలికి సున్నం తొక్కినవాడండీ. ఊళ్ళో ఎంతమంది గోడలకో తొక్కేడు. ఆఖరికి తన గోడకి తను తొక్కుకున్నాడు. ఈ గోడకి ఒక్క మేకు దిగితే చెయ్యంత పెచ్చు రాలిపోద్దండీ." నేను ఆగలేకపోయాను. "అయితే పిల్ల కంటే గోడే ఎక్కువన్నమాట" అన్నాను. ఆయన చేతిలో తాడు ఆగింది. "రేపు పొద్దున్న పిల్లని కింద వదిలేసి మీరు మాటాడకుండా కూచోండమ్మా. ఒక్క పూటండీ" అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. ఇంటికి వచ్చి, ఆదివారం వచ్చి పిల్లను తీసుకెళ్ళమని అమ్మకు కార్డు రాసి డబ్బాలో వేశాను.

మర్నాడు మాస్టారు పంచె ఎగగట్టుకుని, ఎర్ర సుద్దముక్కతో వచ్చారు. అరవై దాటిన మనిషి మోకాళ్ళ మీద వంగి, పద్మ వెనకే పాకడం మొదలుపెట్టారు. పిల్ల చెయ్యి ఎక్కడ పడితే అక్కడ ఒక చుక్క. పట్టుకుని లాగితే చుక్క పక్కన ఒక గీత. తెల్లని గోడ కూడా మినహాయింపు కాలేదు. అత్తగారికి నవ్వు ఆగలేదు.

"ఏంటి మాస్టారూ, మేకు వద్దని మాకు చెప్పి, మీరు గోడంతా బొట్లు పెట్టేస్తున్నారు?"

"బొట్టు తుడిస్తే పోద్దండీ అక్కయ్యగారూ. బెజ్జం పోదండీ."

"పిల్ల ఆ మంచం కిందకి దూరితే మీరూ దూరతారా?"

"ఆయ్. దూరతానండీ. బయటికి లాగడానికి మీరున్నారు కదండీ."

"నన్ను లాగడానికే ఇద్దరు కావాలి!"

పది గంటలకు పద్మ అలిసి నిద్రపోయింది. చుక్కలు లెక్కపెట్టాను: అరవై మూడు. నా జాబితాతో సరిపోల్చాను. నేను ప్రమాదమని రాసిన ముప్పై ఎనిమిదింటిలో అది వెళ్ళి ముట్టుకున్నవి తొమ్మిదే. నా జాబితాలో లేనిది ఒకటి ఉంది. చేద తాడు కొస పెరటి గడప మీద పడి ఉండేది. ఆ కొస దగ్గర మూడు చుక్కలు, మూడు గీతలు. పిల్ల మూడుసార్లు ఆ తాడు పట్టుకుని బావి వైపు అడుగు వేసిందని దాని అర్థం. ఆ తొమ్మిదింటి కింద పదోదిగా చేద తాడు రాసుకున్నాను.

"పదండీ" అన్నారు మాస్టారు. "ఈ పదీ కట్టేద్దాం. మిగతావి వదిలెయ్యండి."

"పప్పు డబ్బాలు? చెప్పులు? గొడుగు?"

"ముట్టుకోనివ్వండమ్మా. అన్నీ కట్టేస్తే పిల్ల ఆడుకోదండీ, కట్లు విప్పడవే పెట్టుకుంటది."

నాలుగు రోజులు పట్టింది. ఉట్టి తాడు దూలం మీదుగా వేసి, కత్తిపీటనూ కిరసనాయిలు సీసానూ పైకెత్తారు; కూర్చున్నచోటి నుంచే అత్తగారు దించుకునేలా ముడి వేశారు. పెరటి గుమ్మానికి నడుమెత్తు వెదురు తడిక అల్లారు. గుమ్మం వెడల్పు కంటే రెండు అంగుళాలు ఎక్కువ పెట్టి, వంచి ద్వారబంధంలో ఇరికించి, ఒక పక్క తలుపు గొళ్ళేనికి, రెండో పక్క కిటికీ ఊచకు కట్టారు. వీధి గుమ్మానికీ అలాంటిదే. మంచం కోళ్ళకు పీచు చుట్టి పాత చీర కుట్టాం. చేద తాడు బావి దగ్గరే చుట్ట చుట్టి ఉంచడం నా పని అయింది. అల్మరా పిడులకు తాడు ఉచ్చు వేసి, కొబ్బరి చిప్ప ముక్కను బొత్తాంలా పెట్టారు. అక్కడ చిక్కు వచ్చింది. చిప్ప ముక్క చిన్నదై అత్తగారి వేళ్ళకు చిక్కలేదు. పద్మ మాత్రం రెండు నిమిషాల్లో విప్పేసి మా ముఖాలు చూసి చప్పట్లు కొట్టింది. "అక్కయ్యగారి వేళ్ళకి లొంగాలి, పాప వేళ్ళకి లొంగకూడదు. ఇదండీ పరీక్ష" అని ఆయన ముక్క మార్చారు, ఉచ్చు మార్చారు. అయిదోసారికి కుదిరింది.

కార్డు అందుకున్న అమ్మ ఆదివారం ఖాళీ సంచీతో దిగింది. పిల్ల బట్టలకని తెచ్చిన సంచీ. తడికను ఊపి చూసింది, ఉట్టి దించి చూసింది. చివరికి, "రేపు సాయంత్రం దాకా మాస్టారి అరుగు మీద కూచుంటాను. పిల్ల ప్రాణం మీదికొస్తే తప్ప కలగజేసుకోను. నువ్వొచ్చేక తేల్చుకుందాం" అంది.

సోమవారం ఆఫీసులో ఒకే లెక్కను మూడుసార్లు తప్పుగా వేశాను. నా ఉద్యోగంలో అలాంటి రోజు అదొక్కటే. సాయంత్రం వీధి మొదట్లోంచే అమ్మ కనిపించింది, ఒళ్ళో నిండు సంచీ పెట్టుకుని. అరుగు మెట్ల దాకా వచ్చి నిలబడ్డాను.

"అలా నిలబడిపోయేవేంటే? బస్సు తప్పిపోద్ది, దారియ్యి" అంది.

"పిల్ల?"

"లోపల పప్పు డబ్బా వాయిస్తోంది, వినబడటంలేదూ? పొద్దున్న ఓ గంట ఆ బొత్తాంతో కుస్తీ పట్టి ఓడిపోయింది. మీ అత్తగారు రెండు కునుకులు కూడా తీసేరు. ఈ సంచీలో మాస్టారు నాలుగు కొబ్బరికాయలేసేరు. బరువు."

నేను అరుగు మెట్ల మీదే కూర్చుండిపోయి ఏడ్చాను. ఆ రోజు డైరీలో ఒకే వాక్యం ఉంది: "ఈ రోజు ఏమీ జరగలేదు." అంత సంతోషంగా నేను రాసిన వాక్యం మరొకటి లేదు.

బదిలీ మీద ఆ ఇల్లు వదిలినప్పుడు గోడలన్నీ ఆయనకు చూపించాను. ఒక్క బెజ్జం లేదు. అప్పుడు ధైర్యం చేసి, "ఒకనాడు మిమ్మల్ని ఒక మాట అన్నానండి, గోడ ఎక్కువా పిల్ల ఎక్కువా అని" అన్నాను.

"ఎప్పుడండీ?"

"తేదీతో సహా డైరీలో ఉందండి."

"చింపేద్దురూ మరి" అని నవ్వారు. చింపలేదు. ఆయన పోయారని తెలిసిన రోజు ఆ పేజీనే ముందు చదువుకున్నాను.

పద్మకు ఇప్పుడు పదహారు. పోయిన నెల స్నేహితురాళ్ళతో సైకిలు మీద మురమళ్ళ వెళ్ళొస్తానంది. వద్దనడానికి కారణాలు కాగితం మీద రాశాను, పధ్నాలుగు వచ్చాయి. కాగితం దానికి ఇవ్వకుండా, అది బయల్దేరే ఏర్పాట్లు చేసుకుంటూంటే ఒక పూట మాట్లాడకుండా కూర్చున్నాను. చక్రాలకు గాలి కొట్టింది. బ్రేకులు రెండుసార్లు నొక్కి చూసింది. టిఫిన్ డబ్బా వెనక సీటుకు కట్టి, ఊడుతుందేమోనని లాగి చూసుకుంది. నేను ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాను. రెండు మిగిలాయి: కాలువ గట్టు మీద తొక్కకూడదు, చీకటి పడకముందే రావాలి. కాగితం చేతికిచ్చాను. కొట్టేసినవి కూడా వెలుతురుకు పెట్టి చదివి, "ఇంతేనా అమ్మా?" అంది.

"ఇంతే" అన్నాను.