తుపాకి లేని దుప్పుల వేట

ఏటా చలికాలం మొదట్లో మా బొగ్గుగని సెక్యూరిటీ ఆఫీసులో తుపాకులు శుభ్రం చేసే రోజు ఒకటి వస్తుంది. పొడవాటి బల్ల మీద పాత దుప్పటి పరిచి, రైఫిళ్లు విప్పి, గొట్టాల్లోకి నూనె గుడ్డ దూర్చి లాగుతాం. గదంతా ఆ నూనె వాసన నిండుతుంది. కొంచెం కిరోసిన్ లాగా, కొంచెం కొత్త కుట్టుమిషను లాగా ఉంటుంది. కొత్తగా వచ్చిన పిల్లలు ముక్కు చిట్లిస్తారు. నేను మాత్రం గట్టిగా ఒకసారి పీల్చుకుంటాను. ఆ వాసన తగిలితే చాలు, నాకు ఇమ్మానుయేలు కాక చేతులు కనిపిస్తాయి. కణుపులు తేలిన పెద్ద చేతులు. ఏ వస్తువునైనా నిద్రపోతున్న పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకునేవి.

ఆయన మా సెక్యూరిటీ ఇన్‌స్పెక్టరు. డ్యూటీలో సార్, ఇంటి దగ్గర కాక, అంటే చిన్నాన్న. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఆదివారం చర్చిలో వెనక వరసలో కూర్చునేవాడు. ఆయనను చూడనివాళ్లకు ఎలా ఉండేవాడో చెప్పాలంటే రెండు సంగతులు చెబితే సరిపోతుంది. ఎక్కడ కూర్చున్నా ముందు జేబులోని తాళాలగుత్తి తీసి, చప్పుడు కాకుండా పక్కన పెట్టేవాడు. నవ్వు వస్తే నోట్లోంచి శబ్దం వచ్చేది కాదు, భుజాలు మాత్రం ఊగేవి. ఈ రెండూ వేటలో పట్టిన అలవాట్లని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది.

మా నాన్న బొగ్గుబావిలో పనిచేస్తూ కిడ్నీలు పాడై చనిపోయాడు. ఆయన ఉద్యోగం నాకు వచ్చింది. ఆఫీసులో కుర్చీ పని వస్తుందని అమ్మ ఆశపడింది గానీ, నన్ను సెక్యూరిటీకి వేశారు. మందు గిడ్డంగి కాపలాలో, అంటే పేలుడు సామాను దాచే చోట, ఆడవాళ్లం ఇద్దరమో ముగ్గురమో ఉండేవాళ్లం. ఖాకీ బట్టలు నాకు భలే నచ్చాయి. ఛాతీ మీద నా పేరు ఉండేది. అంతకు ముందు నా పేరు రాసి ఉన్న వస్తువు ఏదీ నాకు లేదు. కానీ ఆ బట్టలు నిలవాలంటే ఫైరింగు పరీక్ష గట్టెక్కాలి. మొదటిసారి ట్రిగ్గరు మీద వేలు పడేలోపే నా కళ్లు మూసుకుపోయాయి. గుండు పోయి మట్టికట్టకు తగిలింది. రెండోసారీ అంతే. మళ్లీ తప్పితే స్టోర్సులో ఊడ్చే పనికి పంపాల్సి వస్తుందని పరీక్ష పెట్టిన అధికారి చెప్పాడు. కోపంగా కాదు, మామూలుగానే చెప్పాడు. అందుకే ఇంకా భయం వేసింది.

నేను కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే ఇమ్మానుయేలు సార్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"భయమా బిడ్డా?"

"భయం గాదు సార్. చప్పుడు."

"చప్పుడు వచ్చేసరికే గుండు పోతది. పోయినంక భయపడుడెందుకు?"

ఏడుపులోనే నవ్వు వచ్చింది నాకు. ఆయన భుజాలు కూడా ఊగాయి. "రేపటిసంది డ్యూటీ దిగినంక ఇంటికి రా. గుండ్లు లేకుండ నేర్చుకుందాం" అన్నాడు.

సెంటినరీ కాలనీలో వాళ్ల క్వార్టరు. వెనక వాకిట్లో ఒక జామచెట్టు, బట్టలు ఆరేసే తీగ, గోడవారగా ఇసుక నింపిన సిమెంటు సంచి. కాక దగ్గర ఒక ఎయిర్‌గన్ ఉండేది. దాన్ని ఖాళీగానే నా చేతికిచ్చి, గొట్టం చివర ఒక సోడా మూత నిలబెట్టాడు. ట్రిగ్గరు నొక్కాలి, మూత పడకూడదు. అదే పాఠం. మొదటి రోజులంతా మూత పడుతూనే ఉంది. కాక భార్య రూతమ్మ చిన్నమ్మ గడప మీద చిక్కుడుకాయలు ఒలుస్తూ, మూత కిందపడ్డ ప్రతిసారీ "పడ్డది!" అని అరిచేది. నేను ఉలిక్కిపడేదాన్ని. ఆమె కావాలనే అలా అరుస్తున్నదని, కాక చెబితేనే అరుస్తున్నదని తర్వాత తెలిసింది. చప్పుళ్లకు అలవాటు పడాలని వాళ్లిద్దరూ కలిసి వేసిన ఎత్తు అది.

"ఊపిరి సగం ఇడువు," అనేవాడు కాక. "మిగిలిన సగం మీద కూసో."

"ఊపిరి మీద కూసునుడేంది కాకా?"

"కూసుంటే తెలుస్తది."

ఒక సాయంత్రం తెలిసింది. సగం గాలి పోయాక ఛాతీలో ఒక చిన్న నిశ్శబ్దం ఉంటుంది. అందులో చేతులు కదలవు. వేలు మాత్రం దానంతట అది ముడుచుకుంటుంది. ట్రిగ్గరు టక్కుమంది, మూత అలాగే నిలబడి ఉంది. నేను కేక పెట్టబోయి ఆపుకున్నాను. రూతమ్మ చిన్నమ్మే కేక పెట్టింది. మూడో పరీక్షలో అందరికన్నా బాగా కొట్టానని చెప్పలేను గానీ, గుండ్లన్నీ అట్ట మీదే పడ్డాయి. ఆ రాత్రి వాళ్లింట్లో చేపల పులుసుతో అన్నం తిన్నాం.

ఆ తర్వాతే ఆయన వేట సంగతి బయటపడింది. ఒక రోజు నేను వెళ్లేసరికి ఇనుప సందుగ తెరిచి సామాను ఎండకు పెడుతున్నాడు. అడుగులు అరిగి మెత్తబడ్డ కాన్వాసు బూట్లు, నల్లటి గొంగడి, దేనికైనా తగిలితే మోగకుండా గుడ్డ చుట్టిన నీళ్ల సీసా, ఒక కన్ను మసకబారిన దుర్భిణి, చిన్న గుడ్డసంచిలో జల్లెడ పట్టిన బూడిద. గాలి ఎటు వీస్తున్నదో చూడటానికి ఆ బూడిద చిటికెడు ఎగరేస్తారట. వీటన్నిటి కింద తోలుతో చేసిన తుపాకి సంచి ఉంది. అది ఖాళీ.

"తుపాకి ఏది కాకా?"

"ఠాణాల అప్పజెప్పిన. దుప్పిని ముట్టొద్దని చట్టం వచ్చింది గద, గప్పుడే."

చట్టం రాకముందు, పెళ్లైన కొత్తలో, వాళ్ల బాపుతో, అంటే నాన్నతో, కలిసి లైసెన్సు తుపాకితో అడవికి పోయేవాడట. ఎన్ని దుప్పులను కొట్టావని అడిగాను.

"పోయింది మస్తు సార్లు. కొట్టింది ఒక్కసారే."

"ఎందుకట్ల?"

"కడమసార్లు సాపుగ దొరకలే. అడ్డం చెట్టుండె, లేకుంటే పిల్ల పక్కకుండె, లేకుంటే దూరముండె. దొరకనప్పుడు కొడితె అది కుంటుకుంట పోయి ఏడనో పడి చస్తది. మనకు అందది, దానికి బతుకుండది."

"మరి తుపాకి ఇచ్చేటప్పుడు బాధ అనిపించలేదా?"

భుజాలు ఊపుతూ చాలాసేపు నవ్వాడు. "బరువు తగ్గింది. అప్పటిదాంక రూతును తోల్కపోనిచ్చేటోడు గాదు మా బాపు. తుపాకి పోయినంకనే ఇద్దరం పోవుడు షురూ జేసినం."

అప్పటినుంచీ ఏటా చలికాలంలో ఆ భార్యాభర్తలు అదే సామాను కట్టుకుని, గోదావరి దాటి, అడవికి వెళ్లి దుప్పుల కోసం కూర్చుని వచ్చేవారు. దాన్ని వాళ్లు వేట అనే పిలిచేవారు. ఆ ఏడు నన్ను కూడా రమ్మన్నారు. బయల్దేరే ముందు చిన్నమ్మ నాకు కట్టుదిట్టంగా చెప్పింది. పౌడరు రాసుకోవద్దు, పూలు పెట్టుకోవద్దు, బట్టలు వాసన సబ్బుతో ఉతకొద్దు, గాజులు తీసెయ్యాలి. ఫారెస్టు బీటు ఆఫీసరు తెలిసినవాడే. ఆయనకు చెప్పి, ఒక వాగు పైన రాతి గట్టు మీద గొంగడి పరుచుకుని కూర్చున్నాం. కాక బూడిద ఎగరేసి చూసి, మమ్మల్ని ఇంకొంచెం పక్కకు జరిపాడు. ఇక అంతే. మాట లేదు, కదలిక లేదు. నా కాలు తిమ్మిరెక్కింది. చీమ మెడ మీదికి పాకింది. ఎండ పైకొచ్చింది. వాగులోకి ఒక నెమలి తప్ప ఏదీ రాలేదు.

"దండుగైంది కాకా" అన్నాను లేస్తూ, కొంచెం విసుగ్గానే.

ఆయన నన్ను వాగులోకి తీసుకెళ్లి తడి ఇసుక చూపించాడు. చిన్నచిన్న గిట్టల గుర్తులు, అంచులు ఇంకా ఆరలేదు. "మనం రాకముందే తాగిపోయినయి. మనం వచ్చే యాళ్లను అవెందుకు సూడాలె? అవి వచ్చే యాళ్లను మనం సూడాలె గాని."

రెండోసారి ఇంకా ముందుగా వెళ్లాం. అవి వచ్చాయి. మొదట ఆకుల మధ్య ఒక చెవి కదిలింది. చాలాసేపు ఆ చెవి ఒక్కటే దుప్పి. తర్వాత ముక్కు, మెడ, వీపు మీద తెల్లటి చుక్కలు. ఒకదాని వెనక ఒకటి గుంపంతా వాగులోకి దిగింది. అవి నీళ్లు తాగుతున్న చప్పుడు మాకు వినిపించింది. నాకు తెలియకుండానే ఊపిరి సగం విడిచాను. మోకాలి మీద ఉన్న చూపుడువేలు ముడుచుకుంది. కాక అది చూశాడు. ఆయన భుజాలు ఊగాయి. చిన్నమ్మ మాత్రం నా మణికట్టు గట్టిగా పట్టుకుని దుప్పులనే చూస్తున్నది. ఎన్నేళ్లుగానో చూస్తున్నా ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన రిటైరయ్యే ఏడాది ఎండాకాలంలో ఒక కొమ్ముల దుప్పి నీళ్లు వెతుక్కుంటూ మట్టిగుట్టల మీదుగా ఓపెన్‌కాస్టు గనిలోకి దిగింది. కింద సంపులో, అంటే గని అడుగున నీళ్లు నిలిచే గుంటలో, తాగి పైకి పోదామనుకుందో ఏమో, డంపర్ల చప్పుడుకు బెదిరిపోయింది. జనం చేరి ఫోన్లు పట్టుకుని కేకలు వేయడంతో ఇంకా బెదిరి అటూ ఇటూ ఉరికింది. అప్పటికే ఒక పక్క గుంటల్లో పేలుడు మందు నింపి ఉంది. నింపిన మందును రాత్రంతా అలా వదిలేయకూడదు. పొద్దు గూకేలోపు పేల్చాలి. మేనేజరు మంచివాడే, పేలుడు ఎంత ఆపగలడో అంత ఆపాడు. ఫారెస్టు నుంచి ఒక పశువుల డాక్టరు మత్తుసూది తుపాకితో వచ్చాడు.

"గురి కొట్టే మా మనిషి ఎలుగుబంటి పని మీద దూరం పోయిండు," అన్నాడాయన. "మందు నేను కలుపుతా. గురి నాకు అంత కుదరదు. ఇక్కడ ఎవరన్నా ఉన్నరా?"

అందరూ ఇమ్మానుయేలు సార్ వైపు చూశారు. ఆయన కంటికి శుక్లాల ఆపరేషన్ అయి ఎన్నాళ్లో కాలేదు, నల్లద్దాలు పెట్టుకున్నాడు. "మా పిల్ల కొడ్తది" అన్నాడు.

నేను వెనక్కి జరిగాను. "సార్, పానమున్నదాన్ని నేను ఎన్నడు కొట్టలే."

"కొట్టుమంటలేను. ముందుగాల కూసో అంటున్న."

జనాన్ని పైకి పంపేశారు. యంత్రాలన్నీ ఆపేశారు. అంత పెద్ద గని అలా మూగబోవడం నేను మొదటిసారి చూశాను. పాడైన డంపరు టైరు ఒకటి అక్కడ పడి ఉంటే దాని వెనక ముగ్గురం కూర్చున్నాం. దుప్పి సంపు అంచున నిలబడి ఉంది, డొక్కలు ఎగసెగసి పడుతున్నాయి. ఇంత ఆయాసంలో సూది పడితే గుండె ఆగుతుందని, కాస్త తేరుకోవాలని డాక్టరు గుసగుసగా చెప్పాడు. కాసేపటికి అది తేరుకుంది. పక్క తిప్పి, కదలకుండా, సాఫుగా నిలబడింది. తుపాకి నా భుజాన ఉంది. గొట్టం మొన, దుప్పి తొడ ఒక వరసలో ఉన్నాయి.

"కొట్టు," అన్నాడు కాక గాలిలాంటి గొంతుతో.

నేను కొట్టలేదు.

వాకీటాకీలో ఇంకెంతసేపని అడుగుతున్నారు. కాక దాని గొంతు తగ్గించాడు. మళ్లీ కొట్టమనలేదు, ఎందుకు ఆగావని అడగలేదు. నా పక్కనే కూర్చున్నాడు. నీడలు సాగాయి. చెమట కంట్లోకి కారింది, తుడుచుకోలేదు. చివరికి దుప్పి సంపు అంచు వదిలి, మెల్లగా అడుగులు వేస్తూ, బొగ్గు గోడ నీడలోకి వెళ్లి నిలబడింది. తల దించింది. నేను సగం ఊపిరి విడిచి, మిగిలిన సగం మీద కూర్చున్నాను.

టప్పుమని చిన్న చప్పుడు. దుప్పి ఎగిరి, గోడ వెంబడి కొంత దూరం ఉరికి, ఆగి, మోకాళ్లు మడిచి పడుకుంది. డాక్టరు పరిగెత్తి దాని కళ్లకు గుడ్డ కట్టాడు, ఒంటి మీద తడి గోనెలు కప్పాడు, పైకి చేర్చేదాకా దాని మెడ ఎత్తి పట్టుకునే ఉన్నాడు. ఆ రాత్రి ఆయనే ఫోన్ చేశాడు. అడవి అంచున దించి, విరుగుడు మందు ఇచ్చారట. లేచి, ఒళ్లు దులుపుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయిందట.

గని నుంచి పైకి వస్తూ కాక అడిగాడు. "మొదలు సాపుగ దొరికినప్పుడు ఎందుకు కొట్టలే?"

"పక్కన నీళ్లున్నయి సార్. మత్తెక్కి అండ్ల పడితె మునుగుతది."

ఆయన నడక ఆపాడు. నల్లద్దాలు తీసి నా వైపు చూశాడు. "నీళ్లు నా సోయిల లేకుండె బిడ్డా. నేనైతె కొట్టేటోణ్ణి." మళ్లీ నల్లద్దాలు పెట్టుకుని, "ఇంగ నీకు నేను చెప్పేదేం లేదు" అన్నాడు. ఆ మాటలో కొంచెం కూడా వెలితి లేదు. ఇంటికి పోయేదాకా ఆయన భుజాలు ఊగుతూనే ఉన్నాయి.

రిటైరయ్యాక ఆయన చాలా ఏళ్లు హాయిగానే బతికాడు. కొద్ది రోజుల జ్వరంతో పోయాడు. దుఃఖం ఉంది గానీ, అది బరువుగా లేదు. ఇప్పుడు గేటు దగ్గర లారీ డ్రైవరు మీదికొచ్చి అరిచినప్పుడు, ఇంట్లో మా అమ్మాయి తలుపు ధడేలున వేసినప్పుడు, నా నోటిదాకా వచ్చిన మాట సగం ఊపిరి దగ్గర ఒక క్షణం ఆగుతుంది. చాలాసార్లు ఆ క్షణంలోనే అవతలివాళ్లు తగ్గుతారు. తగ్గకపోతే అప్పుడు అంటాను. కానీ చూసి అంటాను, చుట్టుపక్కల ఏముందో.

పోయిన చలికాలం రూతమ్మ చిన్నమ్మను జీపులో కూర్చోబెట్టుకుని గోదావరి దాటాను. ఆమెకు చెవులు సరిగా వినిపించడం లేదు, మోకాళ్లు వంగడం లేదు. రాతి గట్టు ఎక్కలేక వాగు ఒడ్డునే చాప వేసుకున్నాం. ఎండ నడినెత్తికొచ్చినా ఏదీ రాలేదు. ఇంత దూరం తీసుకొచ్చి ఏమీ చూపించలేకపోయానని నొచ్చుకుని, ఆమె చెవి దగ్గర వంగి, "ఇయ్యాల రాలేదు చిన్నమ్మా" అన్నాను.

ఆమె నా వైపు వింతగా చూసింది.

"రాకుంటె ఏందే," అంది. "కూసున్నం గద."