గుండుతో పరీక్షకు: చిత్తూరు నుంచి తిరుపతి దాకా

శనివారం పొద్దున ఆరు గంటల బస్సు చిత్తూరులో ఎక్కాం, నేనూ మా అమ్మా. నేను నీట్ పరీక్ష రాయడానికి, అమ్మ దేవుడికి నా జుట్టు ఇప్పించడానికి. పరీక్ష మరుసటి రోజు మధ్యాహ్నం. ఒక ప్రయాణంలో రెండు పనులూ అయిపోతాయని అమ్మ లెక్క. ఆ లెక్క ఎక్కడ తప్పిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా మాదిరి నడివయసులో డాక్టరు చదువుకు బయలుదేరేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే పనికొస్తుంది.

నేను ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సును. వయసు ముప్పై ఆరు. మగ నర్సుకు మా దగ్గర పేరుండదు, అందరికీ ‘బ్రదర్’. పండు ముసలి తాతలు కూడా బ్రదర్ అనే పిలుస్తారు. ఈ పరీక్షకు వయసు అడ్డం లేదన్న సంగతి జిల్లా గ్రంథాలయంలో పేపరు తిరగేస్తుంటే కంటబడింది. ఆ గ్రంథాలయమే నాకు కోచింగ్ సెంటరు. ఏసీ లేదు గానీ ఫ్యాను తిరుగుతుంది. అక్కడున్న ఫిజిక్సు పుస్తకంలో కాంతి పాఠాన్ని మాత్రం చెదలు నాకంటే ముందే చదివేశాయి.

సెలవు అడగడానికి వెళ్ళినప్పుడు మా పెద్ద డాక్టరు కుర్చీ వెనక్కి వాలేంతగా నవ్వాడు. “నువ్వు డాక్టరయ్యేలోపల ఇదే ఆస్పత్రిలో పేషెంటువైపోతావు బ్రదర్” అన్నాడు. మంచం కూడా చూపించాడు, కిటికీ పక్కది. సెలవు మాత్రం ఇచ్చాడు. తిరిగొస్తానని ఆయనకు అంత ధీమా.

బస్సులో నా పక్కన మామిడికాయల వ్యాపారి కూర్చున్నాడు.

“యాడికబ్బా?”

“తిరుపతికి. నీట్ పరీక్ష ఉండాది.”

“ఓహో. రాసేది పాపా, బాబా?”

నేనే అని చెప్పడానికి నోరు రాలేదు. “తమ్ముడు” అన్నాను. ఉన్నట్టుండి తనకు ఇంకో కొడుకు పుట్టినందుకు అమ్మ వెనక సీట్లోంచి నా వీపులో పొడిచింది.

“మా అన్న కొడుక్కి ఇది నాలుగోతూరి” అన్నాడు వ్యాపారి. “డాక్టరయితేనే పెండ్లి చేస్తామన్నారు. వాడు చదవనూ లేదు, మేము చేయనూ లేదు.”

చంద్రగిరి దగ్గరికొచ్చేసరికి ఎనిమిదవుతోంది. విజయనగర రాజులు చివరికి ఈ కోట చేరి ఎలా బతికారో వ్యాపారికి వివరంగా చెప్పాను. రెండో రాజు దగ్గరే నిద్రపోయాడు.

“ఈ రాజుల సంగతి రేపు పరీక్షలో వస్తాదా?” అని అమ్మ అడిగింది.

“రాదు.”

“మరి ఎందుకు సదివినావు?”

గ్రంథాలయంలో తయారైనవాడి రోగమే ఇది. అడిగేది తప్ప మిగతావన్నీ తెలుసు.

తిరుపతి బస్టాండు పక్కన ఇడ్లీ తిని కొండ బస్సెక్కాం. డాక్టరు సీటు వచ్చాక తలనీలాలు ఇవ్వడం అందరూ చేసేదే. అమ్మది వేరే పద్ధతి. “పని అయినాక ఇస్తే అది కూలి నాయనా. ముందే ఇస్తే దేవుడికి మొగమాటం” అంది. మా ఆస్పత్రిలో కూడా అడ్వాన్సు కట్టనిదే మంచం ఇవ్వరు కాబట్టి నాకూ సబబుగానే తోచింది.

కల్యాణకట్టలో క్షురకుడు నా తల తడుపుతూ “ఏం మొక్కు?” అన్నాడు.

“డాక్టరు సీటు” అంది అమ్మ.

“ఎవురికి?”

“వీడికే.”

కత్తి ఒక్క క్షణం ఆగింది. “తల కదిలించబాకు సామీ” అని జుట్టుతోబాటు మీసం కూడా తీసేశాడు.

ఆ రాత్రి పిన్నమ్మ ఇంట్లో పడుకుని, ఆదివారం పన్నెండింటికి రేణిగుంట రోడ్డులో ఉన్న పరీక్ష కాలేజీకి ఆటోలో చేరుకున్నాం. ఒకటిన్నరకు గేటు మూసేస్తారు. బయట పెండ్లి విడిదిలా ఉంది. ఒకావిడ కూతురి చెవి కమ్మలు తీస్తోంది. ఒక తండ్రి కొడుక్కి విసనకర్రతో విసురుతూనే ఫార్ములాలు అప్పజెప్పించుకుంటున్నాడు. నా గుండు మీద చందనం మే నెల ఎండకు పెచ్చులు కట్టింది.

“పేరెంట్సు తాడు అవతల నిలబడండి” అని నన్ను రెండుసార్లు వెనక్కి నెట్టారు. మూడోసారి గేటు దగ్గర ఆఫీసరు చేతిలో హాల్ టికెట్ పెట్టాను. ఆయన ఫోటో చూసి నా వెనక వెతికాడు.

“పిల్లోడు యాడ?”

“నేనే.”

“ఇందులో జుట్టుండాది. మీసముండాది.”

“నిన్న కొండ మీద ఇచ్చొచ్చినాను సార్.”

“పరీక్ష అయినాక ఇస్తే దేవుడు వద్దంటాడా?”

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ ఆకాశం వైపు చూసింది.

ఆధార్ ఫోటోలో జుట్టు ఇంకా ఎక్కువ. బొటనవేలు మిషన్ మీద పెట్టమన్నారు. రోజంతా సబ్బూ శానిటైజరూ రుద్ది రుద్ది నా వేలు మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. మిషన్ వద్దంది, మళ్ళీ వద్దంది. టైము ఒకటింబావు అయింది.

“రాసేవాడి బదులు నిన్ను పంపినారేమోనని నా అనుమానం” అన్నాడు ఆఫీసరు.

రెండేళ్ళు డ్యూటీ దిగి నేరుగా గ్రంథాలయానికి పోయినవాణ్ణి. “నేనే సార్! రాసేది నేనే!” అని అరిచాను. తాడు అవతల జనమంతా ఇటు తిరిగారు.

అమ్మ తాడు కింద దూరి వచ్చేసింది. “వీడు నా కొడుకు సార్. కన్నదాన్ని నేను చెప్తే చాలదా?”

“చాలదమ్మా. ఫోటో చెప్పల్ల.”

“ఫోటో కన్నదా వీణ్ణి?”

జనం గొల్లుమన్నారు. కమ్మలు తీసినావిడ మెడలో నల్ల చున్నీ ఉంది. “ఒక్క నిమిషం ఇయ్యమ్మా” అని అమ్మ దాన్ని లాక్కుని నా గుండుకు చుట్టింది. నుదుటి మీదకు లాగి, పక్క పాపిడిలా మడిచింది. చున్నీ కొస నా పై పెదవి మీద ఆనించి పట్టుకుంది.

“ఇప్పుడు సూడు సార్.”

ఆఫీసరు ఫోటో చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. బిగబట్టుకున్న నవ్వు ముక్కులోంచి వచ్చేసింది. “సరేమ్మా, వీడే. ఈ సెవులు ఇంకెవురికీ ఉండవు” అన్నాడు. లోపలున్న పై ఆఫీసరుతో మాట్లాడి, సంతకం పోల్చి, గుండుతో కొత్త ఫోటో తీసుకుని వదిలాడు.

“బాగా రాయి డాక్టరప్పా!” అని వెనక ఎవరో కేకేశారు. ఎగతాళికే అన్నారు. నేను మాత్రం నిజంగానే తీసుకున్నాను.

హాల్లో నా పక్క బెంచీ అమ్మాయి “అంకుల్, పేపర్లు ఎప్పుడిస్తారు?” అని నన్నే అడిగింది. బయాలజీ చకచకా సాగింది. ఫిజిక్సులో కాంతి గురించి అడిగారు. అడగరా మరి! ఆ జవాబులన్నీ చెదల కడుపులో ఉన్నాయి.

సాయంత్రం ఆరున్నరకు చిత్తూరు బస్సు దొరికింది. పక్క సీట్లో పెద్దాయన నా గుండు చూసి చేతులు జోడించాడు.

“దర్శనం బాగా అయిందా సామీ?”

ఊఁ అంటే సరిపోయేది.

“దర్శనానికి వచ్చినోణ్ణి కాదు పెద్దాయనా. డాక్టరు సదువుకు పరీక్ష రాసి వస్తా ఉండా” అన్నాను. వెనక నుంచి ఈసారి పోటు పడలేదు.

ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, మెల్లగా పంచె మోకాలి దాకా లాగాడు. “అట్లయితే ఈ మోకాలు సూడప్పా, మెట్లెక్కితే పట్టేస్తా ఉండాది.”

“ఇంకా రిజల్టు రాలేదు, ఆగన్నా” అంది అమ్మ.

నా వెనక వచ్చేవాళ్ళకు చెప్పేది ఒకటే. ప్రయాణం సులువు, ఇడ్లీ బాగుంటుంది, మొక్కు మాత్రం తర్వాత తీర్చుకోండి. ఫలితాలూ నా జుట్టూ దాదాపు ఒకేసారి వచ్చేటట్టున్నాయి. జుట్టు మీద నాకు పూర్తి నమ్మకముంది.