మా పెద్దమ్మ బ్రేకు ఎన్నుకున్న విధం

మా పెద్దమ్మ ఏ వస్తువు కొనబోయినా అడిగే ప్రశ్న ఒక్కటే: "పడితే ఎక్కడ తగుల్తుంది?" ధర అడగదు, రంగు అడగదు, ఎన్నాళ్ళు మన్నుతుందని అడగదు. ముప్ఫైమూడేళ్ళు ఆడపిల్లల బళ్ళో డ్రిల్లు టీచరుగా పనిచేసి, కొన్ని వేల మోకాళ్ళకు మందు రాసిన మనిషి. ఆవిడ దృష్టిలో లోకంలో రెండే రకాల మనుషులు. పడినవాళ్ళు, ఇంకా పడనివాళ్ళు.

సోఫా కొనడానికి వెళ్ళి, షాపు మధ్యలో కాలు మడతపడ్డట్టు దాని చెక్క చేతి మీద పడి చూసింది. సేల్సుమన్ అంబులెన్సుకు ఫోను కలిపాడు. "నాకేం కాలేదు నాయనా, జబ్బు నీ సోఫాకి. ఆ మూల పక్కటెముకలో దిగుతోంది" అని లేచి బట్టలు దులుపుకుంది. అద్దె ఇల్లు చూడబోయి, బాత్రూములో సబ్బునీళ్ళు పోసి, ఇంటి ఓనరును "ఏదీ, కాస్త నడవండి" అంది. ఆ ఇల్లు మాకు దొరకలేదు. కళ్ళజోడు కొన్న రోజున దాన్ని పెట్టుకుని కౌంటరు మీద బోర్లా పడుకుంది.

నన్ను చేసుకోబోయే మనిషిని కూడా వదల్లేదు.

"బాబూ, నువ్వు పడితే ఎటువైపు పడతావు?"

"నేను పడనండీ" అని ఆయన నవ్వాడు. అందరూ నవ్వారు.

పెద్దమ్మ మాత్రం నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. "పడనంటున్నాడే! అలాంటివాడి పక్కన నిలబడకు, నీ మీదే పడతాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు నుంచి ఆవిడతో మాట్లాడడం మానేశాను. పదకొండేళ్ళు మానేశాను.

పెళ్ళయిన పదకొండో ఏడు, ఒక ఆదివారం ఉదయం, ఆయన ఇస్త్రీ చొక్కాలన్నీ సర్దుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళింది ఎక్కడికో కాదు, మా ఆఫీసులో నా పక్క బల్ల దగ్గర కూర్చునే నా స్నేహితురాలి ఇంటికి. ఆ చొక్కాలు ముందురోజు కూర్చుని ఇస్త్రీ చేసింది నేనే. కాలర్లు కూడా తిరగేసి చేశాను. పక్క బల్ల వైపు చూడకుండా పనిచేసే విద్య నాకు రాదు కాబట్టి ఉద్యోగం మానేశాను. మా చెల్లెలు ఫోన్లో, "నువ్వు కాస్త సర్దుకుపోవాల్సిందక్కా" అంది. ఇంకెంత పక్కకు సర్దుకోవాలో చెప్పలేదు. చివరికి పెట్టె పట్టుకుని పెద్దమ్మ గుమ్మంలో నిలబడ్డాను.

పెద్దమ్మ నన్నూ పెట్టెనూ చూసింది. "కాళ్ళు తుడుచుకుని రా" అంది. అంతే.

మంచమెక్కాను. మూడు వారాలు దిగలేదు.

అప్పటికి పెద్దమ్మకు అరవైరెండేళ్ళు. రిటైరైన మర్నాడే ఒంటిచక్రం సైకిలు కొనుక్కుంది. ఎందుకని అడిగితే, "రెండు చక్రాలుంటే మనల్ని పడేసింది ఏదో తెలీదే" అంది. ఆవిడ ఇల్లు గుట్ట మీద, రోజూ వెళ్ళే లైబ్రరీ గుట్ట కింద. ఒంటిచక్రం సైకిలుకు పెడల్ చక్రంతో పాటు తిరుగుతూనే ఉంటుంది. దిగేటప్పుడు వేగం ఆపాలంటే కాళ్ళతో వెనక్కి తొక్కిపట్టాలి. ఆ బరువంతా మోకాళ్ళ మీదే. డాక్టరు ఎక్స్‌రే చూసి, "మోకాళ్ళు కావాలా, సైకిలు కావాలా?" అని అడిగాడట. "బ్రేకు కావాలి" అని చెప్పి వచ్చేసింది.

నాలుగో సోమవారం నా దుప్పటి లాగేసింది.

"లేవే. డిస్క్ బ్రేకు ఎన్నుకోవాలి."

"నువ్వెళ్ళు పెద్దమ్మా."

"నాకు పడి పడి అలవాటైపోయింది. కొత్తగా పడేవాళ్ళు కావాలి. లే."

సైకిలు షాపు మెకానిక్ నెమ్మదస్తుడు. టీచరుగారంటే భయమూ భక్తీ. బల్ల మీద గుడ్డ పరిచి, డిస్కులు మూడు సైజులు వరసగా పెట్టాడు. తీగతో లాగే బ్రేకు ఒకటి, ఆయిల్‌తో పనిచేసేది ఒకటి చూపించాడు. డిస్కు చక్రానికి లోపలి పక్క పెట్టుకోవచ్చు, బయట పెడల్ పక్కనా పెట్టుకోవచ్చన్నాడు.

"బయట పెడితే? పడితే ఎక్కడ తగుల్తుంది?"

"కాలి పిక్కకండీ. గుట్ట దిగేటప్పటికి డిస్కు పెనంలా కాలిపోయి ఉంటుంది."

"పెద్ద డిస్కు?"

"గట్టిగా పట్టేస్తుందండీ. చక్రం ఆగిపోద్ది, మనిషి ఆగడు."

"అయితే మూతి. చిన్నది?"

"చాలాసేపటిదాకా పట్టదండీ."

"అయితే ఎదురుగా వచ్చే బస్సు." పెద్దమ్మ నావైపు తిరిగింది. "ఎక్కు."

మెకానిక్ పరీక్షకని ఒక బ్రేకు తగిలించి ఇచ్చిన పెద్దమ్మ సైకిలు ఎక్కాను. ఒక చెయ్యి షట్టరు మీద, ఒక చెయ్యి మెకానిక్ భుజం మీద. సీటు కింద బ్రేకు లివరు నొక్కాను. పడ్డాను. పెద్దమ్మ జేబులోంచి సుద్దముక్క తీసి, నేను పడిన చోట చుట్టూ గీత గీసి, పక్కన "ఎడమ మోచెయ్యి" అని రాసింది. వారం తిరిగేసరికి షాపు నేలంతా గీతలే. ట్యూబుకు గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు, "ఇక్కడేమన్నా హత్యలు జరిగాయా?" అని అడిగారు.

నెల గడిచింది. రెండు నెలలు గడిచాయి. లివరు పొట్టిగా ఉందంది పెద్దమ్మ. తీగ గరగరమంటోందంది. ఆయిల్ వాసన నచ్చలేదంది. రోజూ తొమ్మిదింటికి నా దుప్పటి లాగడం, ఆవిడ సైకిలు మీద, నేను వెనకాల నడిచి గుట్ట దిగడం, నేను పడడం, ఆవిడ గీత గీయడం, ఏదో వంక పెట్టి బ్రేకు విప్పించేసి తిరిగి రావడం. నా భర్త సంగతి ఒక్కసారి ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని కూడా అనిపించేది, కనీసం తిట్టుకోవడానికి తోడు దొరికేది. ఒకరోజు షాపులోనే అరిచేశాను.

"ఒక మొగుణ్ణి చూసీ చూడంగానే తేల్చేశావు! ఒక ఇనప ముక్క తేల్చలేవా?"

"మొగుడైతే మొహం చూస్తే తెలిసిపోతుందే. బ్రేకుకి మొహం లేదు" అంది, డిస్కు అటూ ఇటూ తిప్పుతూ.

సాయంత్రం ఆవిడ మోకాళ్ళకు వేణ్ణీళ్ళ కాపడం పెట్టేదాన్ని. కుడి మోకాలు కొబ్బరికాయంత అయ్యేది. "ఇవాళే బ్రేకు బిగించుకుని ఉంటే ఇలా అయ్యేదా?" అని సణిగేదాన్ని. "తొందరపడకే" అనేది, పళ్ళు బిగపట్టి. తగిన శాస్తే అనుకున్నాను. అనుకున్న మాట దాచుకోవడం ఎందుకు, అలాగే అనుకున్నాను. అప్పట్లో నాకు ఎవరి నొప్పి చూసినా కాస్త హాయిగా ఉండేది.

నాలుగో నెలలో ఒక ఉదయం పెద్దమ్మ మంచం దిగలేకపోయింది. "నువ్వెళ్ళి ఆ కొత్త లివరు వచ్చిందేమో చూసిరా" అని నన్ను తరిమింది. వెళ్ళేసరికి మెకానిక్ లేడు, సరుకు తేవడానికి వెళ్ళాడు. ఎప్పుడూ లోపల గదిలో పంక్చర్లు వేసుకునే అతని భార్య బయట కూర్చుని ఉంది.

"కొత్త లివరేంటమ్మా? టీచరుగారి బ్రేకు మొదటి రోజే ఖాయమైపోయిందిగా" అని స్టూలెక్కి, అటక మీది పెట్టె దించింది. పైన దుమ్ము. లోపల మధ్య సైజు డిస్కు, తీగ బ్రేకు. మేం షాపుకొచ్చిన మొదటి రోజు మొట్టమొదట చూసినవే.

"మరి బిగించలేదేం?"

"మా ఆయన బిగిస్తానంటే టీచరుగారు కసిరారంట. మోకాళ్ళు పోతాయండీ అంటే, పోతే పోనీ, ఇది బిగించావంటే అది మళ్ళీ మంచం ఎక్కేస్తుంది అన్నారంట. సైకిలు మంచమెక్కడమేంటో మా ఆయనకి ఇప్పటికీ అర్థం కాలేదు. మీకేమన్నా తెలుసా అమ్మా?"

"తెలీదండీ" అన్నాను.

పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆ షాపు స్టూలు మీద కూర్చున్నాను. ముందు కోపం వచ్చింది. నా మోచేతులు, నా గడ్డం, నా నాలుగు నెలలు! ఆ తర్వాత, రోజూ ఆ గుట్ట దిగేటప్పుడు నా ముందు వెళ్ళిన ఆ రెండు మోకాళ్ళు గుర్తొచ్చాయి. మెకానిక్ వచ్చేదాకా ఉండి, చెప్పాల్సింది చెప్పి, ఇంటికెళ్ళాను.

పెద్దమ్మ దిండుకు ఆనుకుని కూర్చుంది. "వచ్చిందా లివరు?"

"రాలేదు. నేనే ఎన్నుకున్నాను. మధ్య సైజు డిస్కు, లోపలి పక్క. తీగ బ్రేకు. బిగించమని చెప్పి వచ్చాను."

పెద్దమ్మ నా మొహంలోకి చాలాసేపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

"తీగ బ్రేకా!" అంది చివరికి. "నాకు తట్టనే లేదు సుమా."

డ్రిల్లు టీచర్లకు అబద్ధం ఆడడం రాదు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

"రెండు తెప్పించమన్నాను" అన్నాను.

"రెండెందుకే? ఒక చక్రానికి ఒకటి చాలదూ?"

"రెండోది నాకు. షట్టరు పట్టుకోకుండా వీధి చివరిదాకా వెళ్తున్నాను కదా ఇప్పుడు."

"నీకు సైకిలేదీ?"

"ఎన్నుకోవాలి."

పెద్దమ్మ తల పట్టుకుంది. "ఓరి నాయనో! మళ్ళీ ఎన్ని నెలలు తిప్పుతావే నన్ను?"

"నీ మోకాళ్ళు ముందు నయం కానీ. ఆ తర్వాత సావకాశంగా చూద్దాం పెద్దమ్మా" అని వేణ్ణీళ్ళు పెట్టడానికి లోపలికి వెళ్ళాను.