సొరచేపలను చూసొచ్చినవాడు మా బావిలో దిగాడు

గుంతకల్లు ఆఫీసులో నా పక్క సీటు మనోహర్, నేను కలిసి ఆమధ్య అండమాన్ వెళ్లాం. సొరచేపలు ఉండొచ్చని పడవవాడు అనగానే నేను దిగనన్నాను. మనోహర్ వీపుకు సిలిండర్ కట్టుకుని సముద్రం అడుగు దాకా వెళ్లొచ్చాడు. నెల రోజులుగా క్యాంటీన్లో అతను చెప్పేది నా పిరికితనం కథే.

ఈ రోజు అతన్ని బెళుగుప్ప దగ్గర మా చేనికి పిలిచాను. మొన్నటి వానకు బావిలో నీళ్లు ఊరాయి. ఈత కొడదామంటే మెట్ల మీదే ఆగిపోయాడు.

"నాకు ఈత రాదప్పా. ఆడ ట్రైనరు నన్ను యెనకనుంచి పట్టుకోనే ఉండె" అన్నాడు.

ఈత నేర్చుకునే పిల్లలకు కట్టే బెండును మా నాయన తెచ్చి, ఆ సిలిండర్ మోసిన వీపుకే కట్టాడు. మనోహర్ నీళ్లలో కాళ్లు ముడుచుకుని, పది నిమిషాలు నా చెయ్యి వదల్లేదు. నోరు మెదపొద్దని నేను ముందే చెప్పినా నాయన ఆగలేకపోయాడు.

"లేసి నిలబడప్పా. నీళ్లు నీ నడుముకే ఉండాయి."

నాయన ఇంకాసేపు ఓర్చుకుని ఉంటే బాగుండేది. బెండు కట్టుకున్న ఫోటో మాత్రం నా ఫోన్లో ఉంది. రేపు క్యాంటీన్లో ఒక్కసారి చూపించి వదిలేయమంటారా, నేనూ నెల రోజులు చూపించనా?